మందవెంట నడచు ఇల్లు
(మన పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో నన్ను మాటాడుమని మన సంఘ కార్యదర్శిగారు కోరినపుడు, దేనిని గూర్చి మాటాడవలెనని నేను వారినే అడిగితిని. "మీరు ఇండ్లు కట్టించువారు గదా, ఇండ్లను గూర్చియే చెప్పుడు" అని వారు సెలవిచ్చిరి. ముప్పదియేండ్లు ఇటుక, ఇసుక, సిమెంటుల నడుమ కాలము గడపినవాడను గనుక అది నాకు సులభమే. అయినను నేడు నేను చెప్పబోవునది ఇటుక లేని యింటిని గూర్చి. ప్రొద్దున విప్పి మూటకట్టి, సాయంకాలము మఱియొక యూరి పొలములో నిలబెట్టెడి యింటిని గూర్చి.

దీనికి కారణము మీ వంటి బాలుడొకడు. కొన్ని యేండ్ల క్రిందట నాకు మిత్రులైన ఒక డ్రాయింగు మాస్టరుగారు తమ తరగతిలో "మీ యింటి బొమ్మ గీయుడు" అని చెప్పిరట. పిల్లలందఱును ఒక తలుపు, రెండు కిటికీలు, పైన త్రికోణపు కప్పు, వెనుక కొండ, కొండమీద సూర్యుడు గీసిరి. కురుమవారి పిల్లవాడొకడు మాత్రము తట్టువ గుఱ్ఱమును గీసెను. దాని వీపుమీద మూట, మూటమీద గంప, గంపలోనుండి తలలు బయట పెట్టి చూచుచున్న రెండు గొఱ్ఱెపిల్లలు. ప్రశ్న అర్థము కాలేదనుకొని మాస్టరుగారు మఱల చెప్పిరి. "ఇదే మా యిల్లు సారూ" అని వాడు బదులు చెప్పెను. దీపావళి దాటిన పిమ్మట ఆ బాలుడు బడికి రాలేదు. ఇల్లు కదలిపోయినది, ఇంటితోపాటు వాడును పోయెను. ఆ కాగితమును మాస్టరుగారు నాకు చూపిరి. అది నా బల్లమీద చాలకాలము ఉండెను.

మన ప్రాంతపు గొఱ్ఱెలకాపరులు పూర్తిగా సంచారులు కారు. వారికి ఊరిలో ఇల్లు కలదు, కొందఱికి కొద్దిపాటి భూమియు కలదు. వానకాలమున మంద ఊరి చుట్టుపట్ల, నీరు నిలువని ఎఱ్ఱమొరపు గట్లమీద మేయును. నల్లరేగడిలో అప్పుడు పైరు ఉండును, బురద ఉండును. బురదలో నిలిచిన గొఱ్ఱె గిట్టలు చెడిపోవును. కోతలైన పిమ్మట మంద బయలుదేఱును. మొదట పెసర, సోయా కోసిన చేలు, ఆ తరువాత జొన్న, శనగ తీసిన చేలు, మఱికొంత దూరము పోయిన పిమ్మట వరికొయ్యకాళ్లు. మృగశిర కార్తె నాటికి మఱల ఇంటికి చేరవలెను. కొన్ని గుంపులలో పురుషులు మాత్రమే పోవుదురు. కొన్నిటిలో ముసలివారు, చంటిపిల్లలతోసహా కుటుంబమంతయు పోవును. నేను చెప్పునది ఈ రెండవవారిని గూర్చి.

వీరిని కన్నడిగులు కురుబలందురు, మనము కురుమలందుము, మరాఠీవారు ధనగరులందురు. ఒకే గొంగడి కన్నడములో కంబళి, మరాఠీలో ఘోంగడి. మన భాల్కి తాలూకా ఖానాపురములోని మైలార మల్లన్నకు మ్రొక్కువారే, తూర్పునకు పోయినపుడు కొమురవెల్లి మల్లన్నకును, పడమటికి పోయినపుడు ఖండోబాకును మ్రొక్కుదురు. 1956 నవంబరు 1వ తేదీన పాత బీదరు జిల్లా మూడు రాష్ట్రములకు పంచబడినది. మన తాలూకా నాటి మైసూరులో చేరినది. నారాయణఖేడు, జహీరాబాదులు ఆంధ్రప్రదేశములో చేరినవి. ఉద్గీరు, నిలంగా, అహమదుపూరులు నాటి బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. ఆ దినముననే మనము ఇచ్చట అల్పసంఖ్యాకులమైతిమి. ఈ సంఘమునకును, ఈ పాఠశాలకును అక్కఱ యేర్పడినది. గొఱ్ఱెలకు మాత్రము ఆ గీతలు కనబడలేదు. మంజీరానది బాలాఘాటు కొండలలో పుట్టి, లాతూరు, బీదరు జిల్లాల మీదుగా తెలంగాణమున ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. మందలును ఇంచుమించుగా ఆ నీటివెంటనే, పడమటినుండి తూర్పునకు దిగుచు పోవుచున్నవి.

ఇక వారి యిల్లెట్టిదో చూతము. నేను మొదటిసారి ఒక విడిదికి పోయినపుడు ఇల్లు కనబడలేదు. గొఱ్ఱెలను నిలుపు నూలువల కనబడినది. మూడు రాళ్ల పొయ్యి, నేలమీద బోర్లించిన పెద్ద వెదురుగంపలు, వానిక్రింద ఈనిన మూడు నాలుగు దినముల పిల్లలు, ఒకవైపు కాళ్లకు బందము వేసిన తట్టువ, జొన్నల సంచి, కుండలు. మనుష్యుల కొఱకు కట్టినది ఏదియు లేదు. "రాత్రి ఎచ్చట పండుకొందురు?" అని అడిగితిని. ఇంటి పెద్ద తన భుజముమీది గొంగడిని చూపెను.

బాలబాలికలారా, ఆ గొంగడిని మీరు తేలికగా చూడవలదు. మన దక్కను గొఱ్ఱె నల్లనిది, ముతక ఉన్ని గలది. ఏటికి రెండుసార్లు దాని ఉన్నిని కత్తిరింతురు. స్త్రీలు ఆ ఉన్నిని వడుకుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టించి, గుంతమగ్గము మీద నేయుదురు. ఒక్కొక్కటి రెండున్నర, మూడు కిలోల బరువుండును. ఉన్ని తన బరువులో ఇంచుమించుగా మూడవవంతు తేమను త్రాగియు తడిసినట్లు తోపదు. నిప్పురవ్వ పడినపుడు నూలువలె భగ్గుమనదు, మాడి ఆరిపోవును. వాన వచ్చినపుడు ఒక మూలను లోపలికి మడచి తలమీద వేసికొన్నచో కొప్పెర యగును. పగలు ఎండకు గొడుగు, రాత్రి పరుపు, చలికి దుప్పటి, పసిబిడ్డకు ఉయ్యెల, నడకలో ఈనిన పిల్లను మోయుటకు జోలె. మంగోలియా దేశమున కాపరులు గొఱ్ఱెల ఉన్నిని ఒత్తి నమదాలు చేసి, మడచుటకు వీలైన కఱ్ఱజల్లెడ గోడలమీద కప్పి, గెర్ అను గుండ్రని యింటిని కట్టుదురు. 2013లో యునెస్కో సంస్థ ఆ విద్యను మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. అరేబియా ఎడారులలో మేకవెండ్రుకలతో నేసిన నల్లడేరాలు కలవు. ఎండలో నేత వదులై వేడిగాలి బయటకు పోవును; వానలో వెండ్రుకలు ఉబ్బి సందులు మూసికొనును. మనవారికి అట్టి డేరా యేల లేదని నేను చాలకాలము ఆలోచించితిని. మంగోలియా కాపరి ఒక్కచోట వారములు, మాసములు నిలుచును. మన కాపరి ఒక చేనిలో ఒకటి రెండు రాత్రులు, మహా అయిన మూడు రాత్రులు మాత్రమే మంద నిలుపును. రైతునకు ఎరువు ముట్టినది, కాపరికి గింజలో రూకలో ముట్టినవి, మఱునాడు ప్రయాణము. దినదినము విప్పి కట్టవలసిన యింటిని బరువుగా చేసికొనువాడు తెలివితక్కువవాడు. కావున మనవారు డేరాను నేలమీద పాతలేదు, భుజముమీద వేసికొనిరి.

మఱి వారికి ఇప్పుడు వేఱే ఆశ్రయము ఏల కావలెనని మీరడుగవచ్చును. కావలసి వచ్చుటకు కారణము ఆ గొంగడి పోవుచుండుటయే. ముతక ఉన్నికి ధర లేదు. కత్తిరించు కూలియైనను రాకపోవుటచేత అనేకులు కత్తిరించిన ఉన్నిని చేనిలోనే పాఱవేయుచున్నారు. మాంసమునకు మాత్రము మంచి ధర కలదు. అందువలన కొన్ని దశాబ్దులుగా మన నల్లమందలలో నెల్లూరుజాతి పొట్టేళ్లను కలుపుచున్నారు. నెల్లూరు గొఱ్ఱె పొడవైనది, త్వరగా పెరుగును, చూచుటకు ఇంపైనది. కాని దానికి ఉన్ని లేదు. తెలంగాణ ప్రభుత్వము 2017లో గొల్లకురుమలకు 75 శాతము సబ్సిడీమీద ఒక్కొక్కరికి 20 గొఱ్ఱెలను, ఒక పొట్టేలును పంచు పథకము పెట్టినప్పుడును జనులు లెక్కించినది మాంసమునే గాని ఉన్నిని కాదు. ఆ గొఱ్ఱెను పెంచువానిని నేను నిందింపను. పిల్లలను చదివింపవలెనన్న డబ్బు కావలెను. కాని ఫలితము చూడుడు. గొఱ్ఱె వీపుమీది ఉన్నియే దాని యిల్లు. అది పోయినందున వానకు, చలికి గొఱ్ఱె వణకుచున్నది. దాని వెనుక నడచు మనిషి భుజముమీదను గొంగడి బదులు మిల్లు దుప్పటి వచ్చినది. అది తడిసిన యెడల తెల్లవారునప్పటికిని ఆరదు. మన బీదరు పీఠభూమి సముద్రమునకు 600 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. ఇచ్చటి పుష్యమాసపు చలి ఎట్టిదో మీకు తెలియును. మీరు దానిని తలుపు వేసికొని ఎఱుగుదురు.

ఇట్టివారికి సహాయము చేయవలెనని తలచినవారికి మొదట స్ఫురించునది రేకుల షెడ్డు. మన పొరుగునున్న లాతూరు జిల్లాలోని కిల్లారి ప్రాంతమున 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వచ్చిన భూకంపములో వేలమంది మరణించిరి. రాతిగోడలు, మట్టికప్పులు కూలి నిద్రలోనే వారిని కప్పివేసినవి. బ్రతికినవారికి తాత్కాలికముగా రేకుల షెడ్లు వేయబడినవి. ఆపత్కాలమున అది తప్పు కాదు. కాని వేసవి మధ్యాహ్నము రేకుక్రింద కూర్చున్నవారెవరైనను దానిని ఇల్లు అనరు. కాపరి మాటకు వచ్చినచో అసలు లెక్కయే కుదరదు. 10 అడుగుల రేకు ఒకటి 12 మొదలు 14 కిలోల వఱకు తూగును. చిన్న షెడ్డునకు పది రేకులైనను కావలెను. ఇనుపకోణములు, మరలు కలుపకుండగనే 120 కిలోలు దాటినది. తట్టువయో గాడిదయో దినదినము అలయక మోయగల బరువు 50 కిలోలనుకొందము. అందులో జొన్నలు, కుండలు, నీళ్లు, గొఱ్ఱెపిల్లలు, ఒక్కొక్కప్పుడు పసిబిడ్డ. ఇంటికి మిగులునది 20 కిలోలు. నా వృత్తిలో ఇంటిని అడుగులలో కొలుతుము, రూపాయలలో కొలుతుము. ఈ యింటిని కొలువవలసినది తూకపురాయితో. ఈ సంగతి నాకు వెంటనే తెలియలేదు. తెలిసికొనుటకు చెల్లించిన వెల నాది కాదు, మఱియొకరిది. దానిని చెప్పుటకే నేడు ఇచ్చటికి వచ్చితిని.

ఆ బాలుని తండ్రిని వెదకి పట్టుకొని, మీకొక డేరా చేసి యిత్తునని చెప్పితిని. విపత్తులలో ఆశ్రయము కల్పించు సంస్థలకు స్ఫియర్ అను ప్రమాణగ్రంథమొకటి కలదు. అందులో మనిషికి మూడున్నర చదరపు మీటర్ల కప్పు చోటుండవలెననియు, ఉష్ణదేశములలో నడిమి ఎత్తు ఎక్కువగా నుండవలెననియు వ్రాసియున్నది. మంచి గ్రంథమే. నేను దానిని ముందుంచుకొని ఐదుగురి కుటుంబమునకు లెక్కవేసితిని. నడుమ ఏడున్నర అడుగుల ఎత్తు, మనిషి నిలువుగా నడచుటకు వీలు, నలువైపుల మూడడుగుల నిలువు గోడలు, ఇనుపగొట్టపు స్తంభములు, ఒక్కొక్కటి అడుగు పొడవుగల ఎనిమిది ఇనుపమేకులు. గొఱ్ఱెపిల్లలకు శుభ్రత కొఱకు బయట వేఱే చిన్న కప్పు. బరువు 46 కిలోలు. "కొంచెము బరువే గాని గట్టిగా నుండును" అని నాకు నేనే చెప్పుకొంటిని. ఇంటి పెద్ద దానిని ఎత్తి చూచి ఏమియు ననలేదు. ఉచితముగా నిచ్చువానిముందు బీదవాడు లోపమెన్నడు. ఆ మౌనమును నేను అంగీకారమనుకొంటిని.

మృగశిరకు నాలుగు దినములు ముందు, మంద ఇల్లు చేరుటకు మఱి రెండు మజిలీలున్నదనగా, నల్లరేగడి చేనిలో వారు ఆ డేరాను వేసిరి. సాయంకాలము చిఱుజల్లు పడినది. నడిరేయి పడమటిగాలి లేచినది. ఎండిన రేగడిలో దిగిన మేకు గోడలో దిగినట్లుండును; తడిసిన రేగడిలో అది నేతిలో దిగిన గరిటె. గాలివైపు మేకులు రెండు ఊడినవి. ఏడున్నర అడుగుల డేరా తెరచాపవలె పొంగి, స్తంభమును పెకలించి, బోర్లపడినది. తల్లి చంటిబిడ్డను లాగికొనగలిగినది. బిడ్డకు దెబ్బ తగులలేదు. కాని పిల్లలకని నేను కట్టించిన వేఱే కప్పు తడిసిన డేరాక్రింద పడి నలిగినది. తెల్లవాఱి చూచునప్పటికి రెండు గొఱ్ఱెపిల్లలు ఊపిరాడక చచ్చియుండెను.

వర్తమానము తెలిసి మఱునాడు పోయితిని. ఎవరును నన్నొక మాట అనలేదు. ఆ యింటి అవ్వ మాత్రము చచ్చిన పిల్లలవైపు చూచి, నావైపు చూచి, ఇట్లనినది: "గాలికి ఎదురు నిలవెట్టినవు బిడ్డా. మేం గాలొస్తె ఈపు పెట్టి కూసుంటం. నీ డేరకు కూసునుడు రాదు."

నేను ఇంటికి వచ్చి లెక్క వేసితిని. ముందే వేయవలసిన లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వీచు గాలి చదరపు మీటరుమీద సుమారు 17 కిలోల ఒత్తిడి కలిగించును. వేగము రెట్టింపైన యెడల ఒత్తిడి నాలుగింతలగును. నిలువుగోడ ఆ ఒత్తిడిని అంతయు తనమీద వేసికొనును. వాలుకప్పు కొంత జార్చివేయును. ఇది పదవ తరగతి పిల్లలు చేయగల గుణకారము. అవ్వకు ఆ గుణకారము రాదు. ఆమె వీపునకు వచ్చును.

రెండవ డేరా చేయుటకు పూర్వము నేను కాగితము తీయలేదు. ఐదు రాత్రులు వారితో ఉంటిని. మా యింటావిడయు రెండు రాత్రులు వచ్చినది. ఆమె రానిచో సగము సంగతులు నాకు తెలియక పోయెడివి. ఆ యింటి కోడలు నాతో ఎన్నడును మాటాడలేదు. డేరాలో నీకేమి కావలెనని మా యావిడ అడిగినప్పుడు ఆమె కోరినది ఒక్కటే: స్నానము చేయుటకును, బట్ట మార్చుకొనుటకును ఒక అడ్డుతెర. ఆఱు మాసములు చీకటిపడిన పిమ్మట మాత్రమే స్నానము చేయుచున్నదట. ఏ ప్రమాణగ్రంథములోను చదరపు మీటర్ల పట్టికలో ఇది నాకు కనబడలేదు.

ఇప్పుడు ఆ రెండవ డేరా స్వరూపము చెప్పెదను. పెద్ద తరగతులవారు శ్రద్ధగా వినుడు. పైకప్పు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుగల టార్పాలిను పట్టా ఒకటి. అది 4 కిలోలు. వెన్నుదూలము లేదు, దానికి బదులు ఒక మోకు. రెండు చివరల రెండు వెదురుగడలు, విఱిగినచో మార్చుటకు మఱియొకటి. పట్టాను మోకుమీదుగా ఇరువైపులకు తొమ్మిదేసి అడుగులు వేలాడవేయుదుము. నడుమ ఎత్తు 5 అడుగులు, అంచు నేలకు అడుగు ఎత్తు. లెక్కకు 16 అడుగుల వెడల్పు, 12 అడుగుల నిడివి, అనగా ఐదుగురికి ఆ గ్రంథము చెప్పినంత చోటే వచ్చుచున్నది. కాని దానిని నమ్మవలదు. మనిషి తల తగులకుండ కూర్చుండగల చోటు నడిమి 8 అడుగుల పట్టి మాత్రమే, సగము. మిగిలిన సగము, అంచులక్రింది పల్లపు చోటు, జొన్నసంచులకును, కుండలకును, గొఱ్ఱెపిల్లల గంపలకును. సంచులు గాలివైపు, పిల్లలు గాలి మఱుగువైపు. నిలువుగా నడచుటకు వీలులేదు. ఆ సంగతి చెప్పినప్పుడు వారు నవ్విరి. డేరాలో నడచువారెవరు? నడక పగలెల్ల ఉన్నదే.

మేకులు లేవు. మొరపునేలలో మేకు దిగదు, తడి రేగడిలో నిలువదు. ఎనిమిది ఖాళీ ఎరువుసంచులను మాత్రము తీసికొనిపోవలెను. విడిదిలో వానిని మట్టితోనో రాళ్లతోనో నింపి, అంచుత్రాళ్లను వానికి కట్టవలెను. సంచి 25 కిలోలు తూగినచో ఎనిమిది కలిసి 200 కిలోలు. తెల్లవాఱిన పిమ్మట క్రుమ్మరించి మడచిన యెడల మొత్తము ఒక్క కిలో. బరువును మోయక, పోయినచోట అరువు తీసికొనుటయన్నమాట.

డేరాకు కూర్చుండుట నేర్పవలెను గదా. ప్రతి గడకు రెండు గంట్లు చెక్కితిమి, ఒకటి 5 అడుగుల ఎత్తున, రెండవది మూడున్నర అడుగుల ఎత్తున. గాలి లేచినప్పుడు లోపలనుండియే మోకు జారుముడిని వదలి క్రింది గంటుకు దింపి మఱల బిగింపవచ్చును. ఇద్దఱు చేయుదురు, మేల్కొన్న పిల్లవాడొకడు సాయపడిన యెడల ఇంకను త్వరగా అగును. అప్పుడు కప్పు వీపు వంచిన మనిషివలె నేలకు అణగిపోవును. రాత్రి అట్లే పడియుందురు.

టార్పాలినుతో ఒక చిక్కు కలదు. మధ్యాహ్నము దానిక్రింద ఉడికిపోవుదుము. తెల్లవారుజామున మన ఊపిరియే దాని లోపలివైపు నీరై బొట్టుబొట్టుగా మీద పడును. నిప్పు తగిలినచో కరగి అంటుకొనును. కావున పట్టాక్రింద జానెడు ఎడము విడిచి రెండు గొంగళ్లను అడ్డముగా వేలాడవేసితిమి. పట్టా వానను ఆపును, గొంగడి చలిని, ఎండను ఆపి, రాలిన నీటిబొట్టును తాను త్రాగును. వానిలో ఒకదానిని విప్పి నిలువుగా కట్టినచో కోడలు కోరిన అడ్డుతెర అగును. పొయ్యి ఎప్పుడును బయటనే, గాలి మఱుగున. చుట్టును బెత్తెడు లోతు గాడి తీసి నీటిని పల్లమునకు మళ్లింపవలెను. పట్టా 4, త్రాళ్లు 2, గడలు నాలుగున్నర, క్రింద పఱచు పట్టా రెండున్నర, సంచులు 1, గొంగళ్లు 6: కూడి చూడుడు, 20 కిలోలు.

గొంగడి దొరకుట లేదని ఇంతకుముందే చెప్పి, ఇప్పుడు గొంగడి కట్టుమనుట యెట్లని మీరు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. ఆ కుటుంబమునకు 80 గొఱ్ఱెలుండగా నల్ల ఉన్ని గలవి పదునొకండు మాత్రమే మిగిలియుండెను. అవ్వ ఆ పదునొకండింటి ఉన్నిని పాఱవేయనీయక రెండేండ్లు కూడబెట్టి వడికినది. నారాయణఖేడువైపు నేయువారిని వెదకి నేయించిరి. నేను వెల చెల్లింతుననగా అవ్వ ఒప్పుకొనలేదు. నేతకూలి మాత్రము నా చేత ఇప్పించినది. ఇట్లు ప్రతి కుటుంబమును చేయగలదని నేననను. మిల్లు దుప్పటి వేలాడదీసినను కొంత మేలే. కాని అది తడియును, కాలును. ఆశ్రయమునకు డబ్బు వెచ్చించువారు పట్టాలు పంచుటతోపాటు ఉన్నిని కొని నేయించు ఏర్పాటు చేసినయెడల, ఒకే డబ్బుతో గొఱ్ఱె వీపుమీది యిల్లును, మనిషి వీపుమీది యిల్లును రెండును నిలుచునని నా అభిప్రాయము.

మఱి రెండు మాటలు దాచక చెప్పవలెను. ఏ గుడ్డడేరాయును పిడుగునుండి కాపాడదు. ఒంటరిచెట్టు క్రింద, గట్టు నెత్తిమీద విడిది చేయరాదని వారికి తెలియును; కాని రైతు చూపినచోటనే మంద నిలుపవలసి యుండును. రెండవది చోటు. కారంజా జలాశయపు నీరు, బోరుబావులు వచ్చిన పిమ్మట చెరకు పెరిగినది. చెరకుచేనికి విరామము లేదు. మరాఠీవారు గాయరాన్ అనియు, కన్నడిగులు గోమాళమనియు, తెలంగాణమువారు బంచరాయి అనియు పిలుచు ఊరుమ్మడి పచ్చికబీళ్లు ఏటేట కుఱచనగుచున్నవి. ఎంత తేలికయైన డేరాకైనను 16 అడుగుల నేల కావలెను. దానిని నేను గీయలేను. గ్రామపంచాయతీలవారు ఈ సభలో కొందఱున్నారు గనుక వారి చెవిని వేయుచున్నాను.

గొఱ్ఱెపిల్లల విషయమున నాకును అవ్వకును నేటికిని తగవు తీరలేదు. పడకచోటునకును గంపలకును నడుమ ఒక తడిక ఉండవలెనని నేను, మూత్రపు ఘాటు పసిబిడ్డ ఊపిరికి మంచిది కాదని. చేయి చాచిన అందునంత దగ్గఱ లేనిచో రాత్రి తోడేలో కుక్కయో ఎత్తుకొనిపోవునని ఆమె. నేను తడికను కట్టితిని; ఆమె దానిని పొయ్యిలో పెట్టినది.

రెండవ డేరా నిరుటి దీపావళి పిమ్మట వారితో వెళ్లినది. సంక్రాంతి నాడు ఆ బాలుని తండ్రి ఫోను చేసెను. రెండు గాలులు వచ్చినవట, డేరా రెండుసార్లును కూర్చున్నదట. గంటు చెక్కినచోట ఒక గడ చీలినదట. దానికి గొఱ్ఱెతోలు చుట్టి కట్టిరట. గంటు చెక్కుట తప్పే, కణుపునకు పైన రంధ్రము వేసి చీల దూర్చవలసినదని నాకిప్పుడు తోచుచున్నది. అది మూడవ డేరాకు.

మృగశిరకు వారు తిరిగివచ్చి, మన పాఠశాల వెనుకనున్న చేనిలో రెండు రాత్రులు మంద నిలుపుటకు ఆ చేని రైతు ఒప్పుకొన్నారు. చిత్రలేఖనపు తరగతివారు టేపులు, కాగితములు తీసికొని రావచ్చును. అవ్వ అనుమతి యిచ్చినది. కాని గంపలను ముట్టవలదని, కుక్కకు దూరముగా నిలువవలెనని మీకు చెప్పుమన్నది. ఆ బాలుడును అప్పటికి వచ్చియుండును; వాడు మీకంటె రెండు తరగతులు వెనుకబడినాడు, గడలు నిలబెట్టుటలో మాత్రము మీ అందఱికి చూపగలడు.